పండుగదినములలో దంతరక్షణము

(ఉప్పాడలో జరిగిన కులమహాసభ వార్షికసమావేశమునందు చేసిన యుపన్యాసము)



నూలు ధరను గూర్చియో, సహకారసంఘములను గూర్చియో, విద్యార్థివేతనములను గూర్చియో మేము ప్రసంగింతుమని మీలో పెక్కండ్రు తలంచియుందురు. ఆ విషయములను మాకంటె బాగుగా నెరిగినవారు ఈ వేదికమీదనే యున్నారు. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పిన మా మనస్సున వేరొక విషయము చిరకాలముగా నాటియున్నది. సంక్రాంతి సెలవులు గడచి బడి తెరచిన వారములో, చెంపను అరచేత నాని కూర్చుండు పిల్లలు ప్రతియేటను మాకు కనబడుచుండిరి. పద్యము చదువుమన్న నోరు తెరవలేకుండిరి. వారిలో మన మగ్గపుటిండ్ల పిల్లలు తక్కువవారు కారు. కావున పండుగనాళ్ళలో పండ్లను, చిగుళ్ళను కాపాడుకొనుట యను విషయమునే మేము గైకొంటిమి.

ఇది చిన్నవిషయమని తోచవచ్చును. దీనివలన పోవు ధనమును, దినములును చిన్నవి కావు. మన ఉప్పాడ జాందానీ చీరకు 2009వ సంవత్సరమున భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. ఆ చీర యెట్లు తయారగునో లోకమునకు తెలియకపోవచ్చును గాని మీకు తెలియును. ఇద్దరు ప్రక్కప్రక్కను గూర్చుండి, ఒక్కొక్క బుటాకు ఒక్కొక్క చిన్న కండెను పడుగుపోగుల నడుమ చేతితో త్రిప్పుచు దినములతరబడి నేయవలయును. ఆ ఇద్దరిలో ఒకరికి పంటిపోటు వచ్చెనా, రెండవవారి చేయియు నిలిచిపోవును. మగ్గము నిలిచిన కూలియు నిలుచును. రాత్రి నిద్రలేనివాని కన్ను మరునాడు సన్నపోగును పట్టజాలదు. కావున మన కులమునకు దంతరక్షణము వృత్తిరక్షణము కూడ నగుచున్నది.

తీపితో మన దేశమునకు గల చుట్టరికము పురాతనమైనది. చెరకురసమును కాచి గడ్డకట్టించు విద్య మొదట పెంపొందినది మన దేశముననే. సంస్కృతమునందలి శర్కరాశబ్దము పారసీకుల నోట శకర్ అయి, అరబ్బుల నోట సుక్కర్ అయి, ఐరోపాభాషలలో షుగర్ మొదలైన రూపములు దాల్చినది. అట్లే ఖండశబ్దము కంద్ అయి, తుదకు క్యాండీ అయినది. నేడు రంగుకాగితములు చుట్టి అంగళ్ళలో వ్రేలాడగట్టు ఆ క్యాండీ మన ఖండమే. దేశాంతరము పోయి వేషము మార్చుకొని తిరిగివచ్చినది. తీపిని విడిచిపెట్టుడని చెప్పుటకు మేము రాలేదు. అట్లు చెప్పిన వినువారును లేరు. అరిసె లేని సంక్రాంతి మన గోదావరిసీమలో నెక్కడనున్నది? తినుపద్ధతి తెలిసి తినుడని చెప్పుటకే వచ్చితిమి.

పూర్వము దసరాదినములలో అయ్యవార్లు పిల్లలచేత గిలకలు పట్టించి, పాటలు పాడించుచు ఇంటింటికి పోవువారు. గృహస్థులు పిల్లల దోసిళ్ళలో పప్పుబెల్లములు పోయువారు. సంక్రాంతికి అరిసెలు, పాకుండలు, సున్నుండలు వండువారు. ఆ దినములు గడచిన పిమ్మట తీపి మరల నొక పండుగకో, పెండ్లికో గాని యింటికి వచ్చెడిది కాదు. ఇప్పుడు పండుగ సరకు వెనుకటివలెనే వచ్చుచున్నది. ఆత్రేయపురపు పూతరేకులు, కాకినాడ కాజాలు, తాపేశ్వరపు మడతకాజాలు, జీళ్ళు, వేరుసెనగ అచ్చులు దానికి తోడగుచున్నవి. అంతేకాక బడియొద్ద బిళ్ళలు, బస్సునొద్ద తీపినీళ్ళ సీసాలు, మగ్గమునొద్ద గంటగంటకు పంచదార వేసిన తేనీరు సంవత్సరము పొడుగునను నడచుచున్నవి. అనగా పండుగ మూడుదినములదైనను, పంటికి మాత్రము మున్నూటయరువదియైదు దినములును పండుగయే యైనది.

పుప్పి యెట్లు పుట్టునో తెలిసికొన్నగాని దానికి విరుగుడు తెలియదు. అమెరికాదేశస్థుడైన మిల్లరు అను దంతవైద్యుడు బెర్లినునగరమున పరిశోధించి 1890వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో దీనిని విశదపరచెను. మన నోటిలో కంటికి గానరాని సూక్ష్మజీవులు కోట్లకొలది యున్నవి. అవి పంటిపై జిగటపొరయై అంటుకొనియుండును. మనము తిన్న తీపిని అవియు తిని, పులియబెట్టి, ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటి పైపెంకులోని సున్నపు ధాతువును కరగించును. ఆమ్లత్వమును కొలుచు పీహెచ్ అను మానము సుమారు 5.5 అను అంకెకు దిగువకు పోయినప్పుడు పెంకు కరగ నారంభించును. తీపి నోట పడిన కొన్ని నిమిషములలోనే ఇట్లగును. పిమ్మట లాలాజలము మెల్లమెల్లగా ఆ పులుపును విరిచి, కరగిన ధాతువును కొంత తిరిగి పంటికి చేర్చును. ఈ మరమ్మతుకు అరగంటనుండి గంటవరకు పట్టును.

ఇందులో నొక చిన్నలెక్క యున్నది. ఆరు మిఠాయిబిళ్ళలను భోజనముతో గూడ ఒక్కమారు తినినచో పంటిపై ఆమ్లము ఒక్కమారే దండెత్తును. లాలాజలమునకు దినమంతయు మరమ్మతు చేయుటకు వ్యవధి యుండును. ఆ ఆరింటినే గంటకొకటి చొప్పున చప్పరించినచో ఆరు దండయాత్రలు; మరమ్మతునకు వ్యవధి శూన్యము. తిన్న తీపి ఒక్కటియే. కలిగిన నష్టము ఒక్కటి కాదు. మేము నేడు చెప్పవచ్చిన ముఖ్యాంశ మిదియే: పంటికి శత్రువు తీపి యొక్క మొత్తముకంటె, దానిని తినుమార్ల సంఖ్య.

ఈ సంగతి స్వీడనుదేశమున లూండునగరమునొద్ద వైపెహోల్ము అను ఆశ్రమమున 1945 మొదలు కొన్నియేండ్లు జరిగిన పరీక్షలో స్పష్టపడెను. భోజనముతోపాటు తీపి తినినవారికి పుప్పి స్వల్పముగ హెచ్చెను. భోజనముల నడుమ పండ్లకంటుకొను పాకపుబిళ్ళలు తినినవారికి మిక్కుటముగ హెచ్చెను. ఆ పరీక్షకు గురియైనవారు బుద్ధిమాంద్యముచే సమ్మతి తెలుపజాలని దీనులు. అట్టివారి పండ్లను చెడగొట్టి విద్య సంపాదించుట ధర్మము కాదని నేడు లోకమంతయు నంగీకరించుచున్నది. వారి నోటికి కలిగిన బాధవలన మనకు తెలిసిన సత్యమును మనము నిర్లక్ష్యముచేయుట మరియు నధర్మము.

బెల్లము మంచిది, పంచదారయే చెడ్డదని కొందరందురు. పంటికి ఈ భేదము తెలియదు. రెండింటిలోను ప్రధానమైనది చెరకుచక్కెరయే. పైగా బెల్లపుపాకపు జీడియు, అచ్చును పండ్ల సందులలో చిక్కుకొని గంటలతరబడి నిలుచును. నోట పడగానే కరగిపోవు పూతరేకు అంతసేపు నిలువదు. పెద్దలకును పిల్లలకును ఆహారమున అదనముగా చేరు చక్కెర, మొత్తము శక్తిలో నూటికి పదిపాళ్ళకు మించరాదనియు, అయిదుపాళ్ళకు లోబడియున్న మరియు మేలనియు ప్రపంచారోగ్యసంస్థ 2015వ సంవత్సరమున సూచించినది. అయిదుపాళ్ళనగా పెద్దవానికి దినమునకు సుమారు ఆరు చిన్నచెంచాలు. మగ్గముమీద త్రాగు తేనీటి లోటాలను లెక్కించుకొన్నచో పండుగ రాకముందే ఆ లెక్క నిండునేమో మీరే చూచుకొనుడు.

ఇక మన పూర్వులు చెప్పినదానిని విన్నవించెదము. చరకసంహిత సూత్రస్థానమున అయిదవ యధ్యాయములో దంతధావనము చెప్పబడియున్నది. అందు రెండు మాటలు గమనింపదగినవి. పుల్లతో తోముట దినమునకు రెండుమార్లు చేయవలయు నన్నది మొదటిది; చిగుళ్ళకు బాధ కలుగకుండ చేయవలయు నన్నది రెండవది. సుశ్రుతుడు పుల్లయొక్క కొలతను గూడ చెప్పెను: పండ్రెండంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు. చేదువానిలో వేపయు, వగరువానిలో చండ్రయు, తీపివానిలో ఇప్పయు, కారపువానిలో కానుగయు శ్రేష్ఠములని యాయన మతము. మనము ఈ శాస్త్రములో సగమే నిలుపుకొంటిమి. తెల్లవారగానే పందుంపుల్ల పట్టుట తప్పని యాచారమైనది. రాత్రి తోముట మాత్రము మరచితిమి. రాత్రి నిద్రలో లాలాజలము మిక్కిలి తగ్గును. కాపలావాడు నిదురించు సమయమది. పరుండబోవుచు పాలలో పంచదారయో, ఒక కాజాయో తిని అట్లే పరుండినచో సూక్ష్మజీవులకు తెల్లవారువరకు విందే. కావున మేము క్రొత్త యాచారమును బోధించుట లేదు. పోయిన సగమును తిరిగి తెచ్చుకొనుడని ప్రార్థించుచున్నాము.

వేపపుల్లను మేము నిందింపము. అయితే దవడపండ్ల లోపలితట్టునకు అది చక్కగా పోదు. ఇటుకపొడి, బొగ్గుపొడి, గరుకైన ఉప్పు మొదలగువానితో గట్టిగ రుద్దుట మాత్రము మానవలయును; తెలుపు వచ్చినట్లు కనబడును గాని పెంకు అరిగిపోవును. మెత్తని బ్రష్షును, ఫ్లోరైడు చేరిన పేస్టును వాడి రెండు నిమిషములపాటు నెమ్మదిగ తోముట మేలు. ఫ్లోరైడు కరగిన ధాతువును తిరిగి పంటికి చేర్చుటలో తోడ్పడును. తోమిన పిదప ఉమ్మివేయవలయునే గాని, నీటితో పదేపదే పుక్కిలించి మందునంతయు పారబోయరాదు. ఇందును మితము కావలయును. త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరినచో పండ్లు మచ్చలుపడుటయు, ఎముకలు వంగుటయు 1937వ సంవత్సరమున పొదిలి, దర్శి ప్రాంతములలో వైద్యులు కనుగొనిరి. నల్లగొండసీమ పడిన బాధ లోకవిదితమే. కావున మూడేండ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేండ్లవరకు బఠానీగింజంత పేస్టు చాలును. పిల్లలు దానిని మ్రింగకుండ పెద్దలు దగ్గరనుండి చూడవలయును.

చిగుళ్ళను గూర్చి యొకమాట. తోమునప్పుడు నెత్తురు వచ్చుచున్నదని తోముట మానువారు పెక్కురు. ఇది తలక్రిందులైన వైద్యము. పంటి మొదట పేరుకొన్న మురికివలన చిగురు వాచినది గనుకనే నెత్తురు వచ్చుచున్నది. శుభ్రముచేసినగాని అది తగ్గదు. అప్పటికిని తగ్గనిచో పేరుకొన్న గారను వైద్యునిచేత తీయింపవలయును. గారను తీసినచో పండ్లు కదలునని భయపడరాదు. గర్భవతులకు చిగుళ్ళు త్వరగ వాచును. వారు మరియు శ్రద్ధతో తోముకొనవలయును. మధుమేహము గలవారికి చిగుళ్ళవ్యాధి హెచ్చు; చిగుళ్ళవ్యాధి ముదిరిన మధుమేహము లొంగదు. పొగాకు, గుట్కా, మన తీరమున కొందరు స్త్రీలకు అలవాటైన అడ్డపొగ, ఇవి చిగుళ్ళతో నిలువవు. నోటిపుండై, ప్రాణాంతకమైన పుట్టకురుపు వరకు పోవును.

నేతవారికి దారమును గూర్చి చెప్పుట సాహసమే. అయినను రెండుమాటలు. పోగును పంటితో కొరికి త్రెంపు నలవాటు మనలో కలదు. ఏండ్లతరబడి ఒక్కచోటనే కొరుకుటచే ముందుపండ్లకు గాడి పడును. కత్తెర యెంతదూరమున నున్నది? రెండవది, పండ్ల సందులకు బ్రష్షు పోదు, దారము పోవును. అమెరికాలో పార్మ్లీ అను దంతవైద్యుడు 1819వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో, మైనము పూసిన పట్టుదారముతో పండ్ల సందులను శుభ్రపరచుకొనవలయునని చెప్పెను. పట్టుదారము మన సొత్తుగదా! అయితే రంగులద్దిన మగ్గపునూలు దీనికి పనికిరాదు. ఔషధశాలలలో దీనికై ప్రత్యేకముగ దారము అమ్ముదురు. జీడిపాకమును, చెరకుపిప్పిని గుండుసూదులతో గ్రుచ్చి తీయుటకంటె ఇది యెంతయో మేలు.

ఇప్పుడు తల్లులకు విశేషముగ మనవి. పిల్లలకు పాలపండ్లు ఇరువది. ఊడిపోవునవే గదాయని వానిని ఉపేక్షింపరాదు. అవి క్రింది పండ్లకు చోటు కాచుచున్నవి. ఆరవయేట పాలపండ్ల వెనుక, ఏ పన్నును ఊడకుండగనే, నాలుగు దవడపండ్లు మొలచును. ఇవి శాశ్వతములు. పాలపన్ను ఊడలేదు గనుక ఇదియు పాలపన్నే యని చాలమంది భ్రమింతురు. మా బడిలో పదియేండ్ల బాలుడొకడు వేసంగి పరీక్ష నాడు బాధ తాళలేక యింటికి పోయెను. పుప్పిపట్టి పెరికివేయబడినది ఆ ఆరేండ్ల పన్నే. ‘మరల వచ్చునుగదా, మాష్టారూ’ అని వాని తల్లి మమ్మడిగినది. రాదని చెప్పుట మాకు కష్టమాయెను. ఆ తల్లి ప్రేమలో లోపము లేదు. ఆమెకు చెప్పినవారు లేకపోవుటయే లోపము. కావుననే యీ సభలో చెప్పుచున్నాము. పసివారిని తీపిపాల సీసా నోటబెట్టి నిదురబుచ్చరాదు. ఏడెనిమిదేండ్లవరకు రాత్రి తోముట పెద్దల చేతిమీదుగ జరుగవలయును.

పాతభయములు కొన్ని యున్నవి. పైపన్ను తీయించిన కన్ను పోవునందురు. పంటినరమును, చూపునరమును వేరువేరు. తీయించిన పంటివలన చూపు పోదు. వాకుడుగింజల పొగపట్టి పురుగులను రాల్చి చూపువారు సంతలలో నుండిరి. ఆ రాలినవి పంటిలోనివి కావు. సుశ్రుతుడు కృమిదంతమని పేరుపెట్టినను, నేడు మనమెరిగిన క్రిమి కంటికి కానరానిది. పొగకు రాలునది కాదు. నొప్పిబిళ్ళను చిగురుమీద నదిమిపెట్టినచో చిగురు కాలును. లవంగతైలము నొప్పిని తాత్కాలికముగ నణచును, పుప్పిని మాన్పదు. దవడ వాచి, జ్వరము వచ్చి, నోరు తెరుచుటకో మ్రింగుటకో కష్టమైనచో పండుగయని జాగుచేయక ఆ దినముననే కాకినాడ పెద్దాసుపత్రికి పోవలయును. ఆ వాపు మెడలోనికి దిగిన ప్రాణాపాయము.

చెప్పినదానిని పండుగ నాలుగునాళ్ళకు పనికివచ్చునట్లు క్రోడీకరించెదము. తీపిని భోజనముతో కలిపి తినుడు. నడుమ నడుమ చప్పరింపకుడు. తిన్న వెంటనే నీటితో పుక్కిలించుడు. అరిసెలడబ్బాను మగ్గముప్రక్క నుంచకుడు. పిల్లల జేబులలో బిళ్ళలు పోయకుడు. నడుమ ఆకలియైనచో జామపండో, వేరుసెనగకాయలో, మజ్జిగయో యియ్యుడు. గట్టిపడిన అచ్చును పంటితో పగులగొట్టక రోటిలో నలుగగొట్టుడు. రాత్రి తోమిన పిదప నీరు తప్ప మరేమియు నోట పెట్టకుడు. వీనిలో దేనికిని ధనము పనిలేదు.

పోషకులైన మహాశయులకు మా కడపటి మనవి. ప్రతియేటను మీరు ఈ సభలో పిల్లలకు మిఠాయిపొట్లములు పంచుచున్నారు. మీ వాత్సల్యమునకు కృతజ్ఞులము. వచ్చు సంవత్సరము ఆ పొట్లమును భోజనపంక్తిలోనే వడ్డింపుడు. దానితోపాటు బిడ్డకొక చిన్న బ్రష్షును, పేస్టును ఇయ్యుడు. సభాదినములలో ఒకపూట దంతవైద్యునొకరిని రావించి, ఆరేండ్లు మొదలు పండ్రెండేండ్లవరకు గల పిల్లల పండ్లను చూపింపుడు. మొదటనే కనుగొన్న పుప్పికి చిన్న పూడికతో పనితీరును; ఆలస్యమైనచో పన్నుతో గాని తీరదు. ఒక మగ్గము ఒకదినము నిలిచిన నష్టముకంటె ఈ వ్యయము హెచ్చు కాదని మా విశ్వాసము. సంఘమువారు దీనిని తీర్మానముగ గైకొందురుగాక యని కోరుచున్నాము.

మన పెద్దలు మనకు మగ్గమును, దానితో మర్యాదను ఇచ్చిపోయిరి. మనము మన బిడ్డలకు ముప్పదిరెండు పండ్లను నిండుగ నిచ్చిపోవుదము. వారు సంక్రాంతికి నవ్వుచు అరిసెలు తినుదురుగాక, నూరేండ్లు నమలుదురుగాక.